అద్దం లేని కెమెరా

మిర్రర్‌లెస్ అంటే అద్దం ఊడిపోయిన కెమెరా. ఈ అర్థం కనిపెట్టినవాడు జీవరాజు. రెజిమెంటల్ బజార్‌లో పాత కెమెరాలు కొని అమ్మే అతని దుకాణం దీని మీదే నడుస్తోంది. ఆ రకం కెమెరాలో అసలు అద్దమే పెట్టరని, అందుకే అంత చిన్నగా ఉంటుందని తెలియని అమాయకులు వస్తే చాలు, మొహం వేలాడేసి కారుచౌకగా కొట్టేసేవాడు.

పోయిన నెల క్యారల్ అనే టీచరమ్మకు అలాగే టోపీ పెట్టాడు. ఆవిడ బజారు సంఘం దాకా వెళ్లింది. "నేనట్ల అన్నట్టు రుజువుందా?" అని నవ్వాడు జీవరాజు. సంఘం అధ్యక్షుడు దయాకర్ మాత్రం నవ్వలేదు. రుజువు దొరికిన రోజే దుకాణం ఖాళీ చేయిస్తానన్నాడు. దాంతో జీవరాజు బుద్ధి తెచ్చుకున్నాడు. అంటే, సాక్షులెవరూ లేనప్పుడే మోసం చేయడం మొదలుపెట్టాడు.

ఇవాళ దేవుడు పంపినట్టు ఒక ముసలావిడ వచ్చింది. పేరు కాంతమణి. సంచిలోంచి చిన్న కెమెరా తీసి, అతని ఎదురుగా బల్ల మీద పెట్టింది.

"మా ఆయన కెమెరా నాయనా. అమ్మేద్దామని తెచ్చిన. జెర గట్టిగ చెప్పు, నాకు చెవులు వినరావు."

చెవులు కూడా లేవు! జీవరాజు ప్రాణం లేచొచ్చింది. కెమెరా తెర లోపలికి మడిచి ఉంది. తెరిచి చూసే శ్రమ కూడా పడకుండా, ఒక కన్ను మూసి లెన్స్‌లోకి తొంగి చూశాడు.

"అద్దం లేదమ్మా!" అని అరిచాడు. "ఎవడో పీకేసిండు!"

"అయ్యో! మంచిగ చూడు నాయనా. ఇంకా దగ్గరికెళ్లి చూడు."

"చూసిన! ఫొటో తీస్తే చప్పుడు సుత రాదు. గొంతు పోయింది! చేతికి పట్టు లేదు. పైన ఫ్లాష్ లేదు. ముట్టుకుంటే కాలుతుంది, లోపలంతా మాడిపోయింది!"

కాంతమణి కళ్లొత్తుకుంది. అతను విదిల్చిన నాలుగు నోట్లు తీసుకుని, ఆయాసం తీరేదాకా కూర్చుంటానని అక్కడే స్టూలు మీద కూలబడింది. చెవిటిదే కదా, కూర్చోనీ అనుకున్నాడు జీవరాజు.

ఇంతలో ఒక యువకుడు లోపలికొచ్చాడు. చర్చిలో పెళ్లికి ఫొటోలు తీయాలట, మంచి కెమెరా కావాలట.

జీవరాజు బల్ల మీదున్నదాన్నే ముందుకు తోశాడు. "గిసుంటిది మళ్ల దొరకదు భాయ్! అద్దం బరువే లేదు, జేబుల పడ్తది. చప్పుడు చేయదు, పాస్టరుగారి ప్రార్థన సుత చెడదు."

"ఫ్లాష్ లేదే?"

"చీకట్ల సుత బొమ్మ మస్తుగొస్తది. ఫ్లాషెందుకు?"

"ఆవిడదా ఇది?"

"ఆమెకేం ఎరుక? అద్దం పోయిందంటే నమ్మింది, పిచ్చి ముసల్ది!" జీవరాజు పొట్ట పట్టుకుని నవ్వాడు.

యువకుడు కెమెరా చేతిలోకి తీసుకున్నాడు. "బాగా వేడిగుందంకుల్."

"ఎండకు భాయ్, ఎండకు."

"కాదు. చిన్న కెమెరాలు గదా, ఎక్కువసేపు వీడియో తీస్తే గిట్లనే వేడెక్కుతయి." మడిచి ఉన్న తెరను విప్పాడు. మూలన ఎర్ర చుక్క మిణుకుమంటోంది.

జీవరాజు నవ్వు మొహం మీదే బిగుసుకుంది.

యువకుడు స్టూలు వైపు తిరిగి, మామూలు గొంతుతోనే అడిగాడు. "నాయనమ్మా, క్యారల్ చెల్లెకు ఈ రుజువు చాలు గదా? బ్యాటరీ అయిపోతుంది, దయాకర్ సార్ దగ్గరికి పోదామా?"

"జెర ఆగు కాలేబూ," అంటూ కాంతమణి లేచి, ఆ తెరను జీవరాజు వైపు తిప్పింది. "అద్దం లేదని తెగ బాధపడ్డడు పాపం, ముందు ఆయన మొఖం ఆయన్ను చూసుకోనీ."