మూడో పాట తాళం

ధ్వని సరిచూడాలి, అట్ట మీదికి బొమ్మ ఎంచాలి, ఏ పాటకు ఏది ప్రేరణో రాయాలి. తమ్ముడి సొంత ఆల్బమ్‌కు మిగిలిన పనులివి. రాతపని అక్క నెత్తిన పడింది.

"మూడో పాటలో ఆ వాయిద్యం ఏంట్రా? ఒళ్లు జలదరిస్తోంది," అంది హెడ్‌ఫోన్స్ తీసేసి.

"వాయిద్యం కాదక్కా, నాన్న ఊపిరి. ఆస్పత్రిలో చివరి పూట ఫోన్‌లో పట్టాను. తాళం ఎంత బాగా కుదిరిందో!"

అక్క పాట ఆపేసింది. బతుకంతా కుట్టుమిషన్ తొక్కిన మనిషి ఆయన.

"నేను మందులకు వెళ్తూ నిన్ను పక్కన కూర్చోబెట్టింది ఇందుకా?"

"ఇది కళ అక్కా. నీకర్థం కాదులే."

"కోయకముందు ఫోన్‌లో పట్టింది మొత్తం వినిపించు."

వినిపించాడు. ఊపిరికీ ఊపిరికీ మధ్య సన్నని గొంతు: "నీళ్లురా, చిన్నోడా." ఆ వెనకే తమ్ముడి గొంతు: "ఒక్క నిమిషం నాన్నా, మాట్లాడకు."

"ఇచ్చావా?"

"ఇద్దామనే అనుకున్నా. ఈలోగా ఊపిరి ఆగిపోయింది."

అక్క కలం వాడి ముందుకు తోసింది. "దీని ప్రేరణేంటో నువ్వే రాయి. నాకు చెయ్యి రావట్లేదు."

తమ్ముడు ఏం రాశాడో తెలియదు. ఆ పాట మీ చెవిన పడితే మాత్రం తల ఊపకండి. నీళ్లడిగిన ఆ దర్జీని ఒక్కసారి తలచుకోండి.