మొదటి గడ్డం

ఉచితంగా గడ్డం గీస్తామని బోర్డు పెట్టినా మధ్యాహ్నం దాకా వీధిలోవాళ్ళెవరూ ఆ కుర్చీలో కూర్చోలేదు. జైలు నుంచి విడుదలైనవారికి బతుకుతెరువు చూపించే సంఘమొకటి తన కార్యాలయం ముందుగదిని సెలూన్‌గా మార్చి, శిక్షాకాలంలో ఆ పని నేర్చుకుని వచ్చిన ఒకతనికి అప్పగించింది. సాయంత్రానికి వీధిలోవాళ్ళు ఒక్కరైనా రాకపోతే గదిని కుట్టుమిషన్లకు ఇచ్చేస్తానని కార్యదర్శి ఖండితంగా చెప్పి వెళ్ళింది.

జనం లేక కాదు. వీధి వీధంతా అద్దాల తలుపు అవతలే నిలబడి ఉంది. పొద్దున అతను ఒక హత్య చేశాడన్నారు. కాసేపటికి అవి మూడయ్యాయి. భోజనాల వేళకు ఆయుధం మంగలికత్తేనని కూడా తేలిపోయింది. ఏ దర్యాప్తులోనూ ఇన్ని వివరాలు ఇంత వేగంగా బయటపడి ఉండవు.

సంఘంలో స్వచ్ఛందంగా పనిచేసే రిటైర్డ్ సైన్సు మాస్టారు బయటికి వచ్చి, ఈ భయానికి ఆధారమేమిటని అడిగారు.

“మెడ మాది కదండీ మాస్టారూ,” అన్నాడు పక్క కొట్టులో ఇస్త్రీ చేసే అతను, టోపీ సర్దుకుంటూ. “ఆధారం దొరికేది తెగాకే.”

మాస్టారు ఉదయమే అక్కడ గడ్డం గీయించుకున్నారు. సంఘం మనిషి గడ్డం లెక్కలోకి రాదని కార్యదర్శి కొట్టిపారేసింది. ఇక నిజం చెప్పడం తప్ప దారి లేదని ఆయన లోపలికి వెళ్ళి బార్బర్‌తో అన్నారు.

అతను తల దించుకున్నాడు. “వద్దండీ. ఇప్పుడు భయమైనా ఉంది. సంగతి తెలిస్తే నవ్విపోతారు.”

“నవ్వేవాడు భయపడడయ్యా. వచ్చి కూర్చుంటాడు.”

మాస్టారు మెట్టు మీద నిలబడి ఉన్నదున్నట్టు చెప్పారు. ఇతను ఎవరినీ చంపలేదు. బట్టతల మీద జుట్టు మొలిపిస్తానని నూనె అమ్మాడు. అది పచ్చరంగు కలిపిన మామూలు వంటనూనె అని ప్రయోగశాలలో రుజువైంది. ఒక్కరికీ ఒక్క వెంట్రుకైనా మొలవలేదు. అందుకు పడిన శిక్ష పూర్తిగా అనుభవించాడు.

ఇస్త్రీ అతను మెల్లగా టోపీ తీశాడు. “రోజుకు ఎన్నిసార్లు రాసుకోవాలండీ?”

మరుక్షణం జనం తోసుకుంటూ లోపలికి వచ్చారు. వరుస వీధి మలుపు దాకా సాగింది. అందులో ఒక్కరికీ కత్తిరించడానికి జుట్టు లేదు. ప్రయోగశాల మాట మాస్టారు మళ్ళీ గుర్తు చేస్తే, గాజుగొట్టంలో పోస్తే జుట్టు ఎలా మొలుస్తుందని వాళ్ళు ఆయననే జాలిగా చూశారు.

బార్బర్ చేతులు జోడించాడు. నూనె లేదు, ఇక ముందు కూడా ఉండదు, గడ్డమైతే గీస్తానన్నాడు. వరుస సందేహంలో పడింది. అంతలో వెనక నుంచి ఒక పెద్దాయన అందరినీ నెట్టుకుంటూ వచ్చి, కుర్చీలో కుదురుగా కూర్చుని గడ్డం పైకెత్తాడు.

మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు. బార్బర్ నురగ రాసి, కత్తి ఎత్తి, అద్దంలోకి చూసి ఆగిపోయాడు. ఆ ముఖాన్ని అతను సాక్షి బోనులో చూశాడు. తన మీద కేసు పెట్టి జైలుకు పంపిన మనిషి ఈయనే.

పెద్దాయన నురగలోంచి గుసగుసగా అన్నాడు. “మనసులో పెట్టుకోకు తమ్ముడూ, ఆనాడు తొందరపడ్డాను. ఇంకొక్క సీసా వాడి చూడాల్సింది.”