చెరువు మీద కన్ను

నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని నానుడి. పెనుమూడి చేపల రైతుల్లో ఆ నమ్మకం మరికొంత నిర్దిష్టంగా ఉంది: ఓర్వలేని కన్ను పడిన చెరువులో చేపకు దూదిబూజు పడుతుంది.

"ఇదిగో మాస్టారూ, మళ్లీ పట్టింది," అంటూ బ్రహ్మయ్య వలలోంచి ఒక శీలావతి చేపను తీసి చూపించాడు. దాని వీపు మీద తడిసిన దూదిపింజ అతికించినట్టు తెల్లటి బూజు. వల నిండా చేపలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కొట్టుకుంటున్నాయి. దారాలకు అంటుకున్న పొలుసులు ఎండకు మెరుస్తున్నాయి.

జగన్నాథరావు భూతద్దం పెట్టి చూశాడు. తెనాలి కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. పాత శిష్యుడు బ్రహ్మయ్య చెరువు కోసం, చలి మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం రేపల్లె రైలెక్కి, అక్కడి నుంచి ఆటోలో వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ వల లాగించి చేపలను పరీక్షిస్తున్నాడు. బూజు పట్టినవాటిని కాసేపు ఉప్పునీటి తొట్టిలో ఉంచి వదిలిస్తున్నాడు. చచ్చినవాటిని ఏరించి సున్నం వేసి పాతిపెట్టించాడు. పాత నీరు తీయించి కొత్త నీరు పెట్టించాడు. బ్రహ్మయ్య ఎవరి దగ్గరో కొనుక్కొచ్చిన పచ్చరంగు మందు నిషేధించిన విషమని చెప్పి వెనక్కి ఇప్పించాడు. అయినా బూజు తగ్గలేదు.

"ఈ బూజు నీళ్లలో ఎప్పుడూ ఉండేదే బ్రహ్మయ్యా. చేప ఒంటి మీది జిగురు చెదిరి, పొలుసు లేచిన చోట నాటుకుంటుంది. చలికి చేప నీరసంగా ఉంటుంది కనుక పెరుగుతుంది. అంతకు మించి ఏమీ లేదు."

"మరి మీరొచ్చి వైద్యం చేసి వెళ్లాకే ముదురుతోందేంటండి? ఆదివారం వచ్చేసరికి గట్టు మీద నిలబడి చూసేదెవరు?"

గట్టు మీద నిలబడి చూస్తున్నది వీరాస్వామి. చెరువు అవతలి ఒడ్డున అతని ఇల్లు, గొడ్లపాక. రోడ్డెక్కాలంటే ఆ గట్టే దారి. వల లాగుతుంటే ఎవరైనా ఆగి చూస్తారు. అతనూ ఆగి చూస్తాడు.

"ముళ్లకంచె వేయిస్తానండి. కాలవ చుట్టూ తిరిగి పోతాడు," అన్నాడు బ్రహ్మయ్య.

"ఈ మోకాళ్లతోనా అబ్బాయ్?" అన్నాడు వీరాస్వామి. "నా కంట్లో అంత మహత్తే ఉంటే ముందు మా పాకలో దోమల మీద వేసేవాణ్ణి కదరా!"

బ్రహ్మయ్య భార్య దుర్గాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బ్రహ్మయ్య మాత్రం నవ్వలేదు.

జగన్నాథరావు భూతద్దాన్ని జేబులో వేసుకున్నాడు. ఇలాంటి వాదనలు జీవితమంతా చేశాడు. ఒక్కటైనా ముగిసినట్టు గుర్తులేదు.

"వాదన వద్దు. పరీక్ష పెడదాం. పుష్యమాసం వెళ్లేదాకా వీరాస్వామి బాపట్లలో కూతురింట్లో ఉంటాడు. అతను లేకపోయినా బూజు ఉంటే, నువ్వు కంచె మాట ఎత్తకూడదు. బూజు పోతే వేసుకో. నేను అడ్డు చెప్పను."

"నా గేదె సంగతేంటండి?" అన్నాడు వీరాస్వామి. "అది నా చేతికి తప్ప పాలు చేపదు. పరాయి చెయ్యి తగిలితే తన్నుద్ది."

"కొన్నాళ్లు దూడకే వదిలెయ్యవయ్యా."

వీరాస్వామి గట్టు పొడవునా ఒకసారి చూసుకుని తలూపాడు.

తరువాతి ఆదివారం జగన్నాథరావు రాలేకపోయాడు. తెనాలిలో శుక్లాల ఆపరేషన్ జరిగింది. దుమ్ములో ప్రయాణాలు వద్దన్నారు. ఫోన్‌లోనే కనుక్కునేవాడు.

"తగ్గుతోంది మాస్టారూ."

"వల లాగి చూశావా?"

"మీరు లేకుండా వలెందుకండి? అసలు ముట్టుకోలేదు. తవుడు సంచుల దగ్గరికి మేతకొచ్చినప్పుడు కనపడుతున్నాయి కదండీ. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి."

ఆ మాట విన్న ప్రతిసారీ జగన్నాథరావు ఫోన్ పెట్టేసి, పుష్యమాసం ఇంకా ఎన్ని రోజులుందో లెక్కపెట్టుకునేవాడు.

పుష్యం వెళ్లింది. చలి మాత్రం వెళ్లలేదు. నల్లద్దాలు పెట్టుకుని అతను పెనుమూడి చేరేసరికి గట్టు మొదట్లో తుమ్మకంప కుప్పగా పోసి ఉంది. వెదురుగడకు వేలాడుతున్న తవుడు సంచి చుట్టూ చేపలు పొర్లుతున్నాయి. ఒక్క వీపు మీదా తెల్లమచ్చ లేదు.

"ఇప్పుడేమంటారు మాస్టారూ?"

"ఏమంటాను? పరీక్ష పెట్టింది నేనే. కంచె వేసుకో. వీరాస్వామికి నేనే చెబుతాను."

బ్రహ్మయ్య గునపం తేవడానికి వెళ్లాడు. దుర్గాంబ కాఫీ తెచ్చింది. గ్లాసు మీద మీగడ తరక కట్టింది.

"పాలు చిక్కగా ఉన్నాయే. ఎక్కడివమ్మా?"

"వీరాస్వామి బాబాయి గేదెవండి. మా వాడుకపాలు అవే కదండీ. ఒక్క రోజూ తప్పలేదు. తెల్లారేసరికి చెంబు అరుగు మీద ఉంటోంది," అంది దుర్గాంబ, చెరువు అవతలి వైపు చూడకుండా.

జగన్నాథరావు గ్లాసు కింద పెట్టాడు. నల్లద్దాలు తీశాడు. ఆపరేషన్ అయిన కంటికి దూరం స్పష్టంగా ఆనింది. అవతలి ఒడ్డున గొడ్లపాక తడికకు, చెరువు వైపు, కొత్తగా ఒక కంత ఉంది. ఆ కంతలోంచి రెండు కళ్లు చేపలనే చూస్తున్నాయి.

వీరాస్వామి బాపట్ల వెళ్లనేలేదు. ఇన్నాళ్లూ చెరువులో పడనిది ఆదివారం వల ఒక్కటే.