గీత మీద కాలు

“చెల్లదు,” అన్నాడు లాయిడ్.

బంతి పట్టింది ఆయనే. చెల్లదన్నదీ ఆయనే.

పాత బనియన్లను పెద్ద కోడిగుడ్డు ఆకారంలో చుట్టి కట్టిన బంతి అది. ముస్తాక్ విసిరితే, యాభై అయిదేళ్ల అమెరికా మనిషి గాల్లోకి లేచి ఒంటిచేత్తో అందుకున్నాడు.

“ఎంత బాగా పట్టినావు సార్! ఎట్ల చెల్లదు?”

“మా అమెరికా ఫుట్‌బాల్ చేతుల్తో ఆడేది. బంతి చేతికి చిక్కితే చాలదు. రెండు కాళ్లూ గీత లోపలే దిగాలి. కిందపడ్డా బంతి జారకూడదు.” వచ్చీరాని హిందీలో చెప్పి, నేలమీది సుద్దగీత చూపించాడు. “నా బొటనవేలు దీన్ని తాకింది.”

“ఎవురు జూసినారు సార్?”

“నేను చూశాను కదా.”

ముస్తాక్ నుదురు కొట్టుకున్నాడు. తలుపు దగ్గర కాపలా ఉన్న అతని బావ బాబ్జాన్‌కి మాత్రం నవ్వు రాలేదు.

కువైట్ సిటీలో బ్నీద్ అల్ గార్ పేటలోని ఆ అయిదంతస్తుల బిల్డింగుకి బాబ్జాన్ వాచ్‌మన్. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి నెల దాటింది. అద్దెకున్నవాళ్లంతా తలోదిక్కూ పారిపోయారు. ఆయిల్ కంపెనీ ఇంజనీరు లాయిడ్ ఒక్కడే చిక్కుబడిపోయాడు. అమెరికావాళ్లు కనబడితే పట్టుకుపోతున్నారు. దాచినవాడికి ఉరి అని రేడియోలో చెప్పారు.

అయినా బాబ్జాన్ ఆయన్ని నాలుగో అంతస్తులో ఖాళీ ఫ్లాటులో పెట్టి, బయట తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే మరి.

పోనీ తనైనా ఊరు పోదామంటే పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే పనిలో పెట్టుకున్న కువైటీ యజమాని దగ్గరుంది. ఆ కఫీల్ సౌదీకి పారిపోయాడు. లోపల ఆయన బందీ, బయట ఇతను బందీ.

బాబ్జాన్ పెళ్లాం బుడేన్‌బీ పప్పన్నం గిన్నె పట్టుకొచ్చింది.

“ఎట్లుండాది సార్ పప్పు?”

“ఉప్పు ఎక్కువైంది.”

“దొరికిందే గుప్పెడు పప్పు! బాగుందంటే నీ సొమ్మేం బోయె సార్?” అని నవ్వేసింది.

బాబ్జాన్ తలుపు వదిలి లోపలికొచ్చాడు. ఉప్పు దగ్గరే అబద్ధమాడలేనివాడు తుపాకీ ముందర ఆడతాడా?

“సార్, సిపాయిలొస్తే ఏం చెప్తావు? వెనకపక్క పైపు పట్టుకోని నీకు నువ్వే ఎక్కినానని చెప్పల్ల. మేమెవురో నీకు తెలీదు. సరేనా?”

“అది నిజం కాదు బాబ్జాన్.”

“నిజం సంగతి కాదు సార్, నా మెడ సంగతి చెప్తాండా!”

లాయిడ్ తల దించుకున్నాడు. “అబద్ధం నాకు రాదు.”

అంతే, బాబ్జాన్‌కి ఎక్కడలేని కోపం వచ్చింది.

“రాకపోతే పో సార్! రేపు పొద్దున్నే ఖాళీ చెయ్. రాయచోటిలో నా పిల్లోళ్లు ఉండారు. నీ నిజంతో వాళ్ల నోట్లో మన్ను కొట్టొద్దు.”

బయట అడుగుపెడితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు.

“సరే,” అన్నాడు లాయిడ్.

ఆయన పోయేలోగానే పొద్దున్నే గేటు ముందు మిలిటరీ లారీ ఆగింది.

“తాళాలు! యల్లా, తొందరగా!” అని అరిచాడు ఆఫీసరు.

ఒక్కో అంతస్తూ తాళాలు తీసి చూపిస్తూ పైకి ఎక్కాడు బాబ్జాన్. నాలుగో అంతస్తులో తాళం తీశారు. హాల్లో లాయిడ్ చేతులెత్తి నిలబడి ఉన్నాడు. పప్పు గిన్నె ఎక్కడా లేదు. బంతీ, సుద్దగీతా మాత్రం ఉన్నాయి.

ఆఫీసరు పిస్తోలు బాబ్జాన్ మెడకు ఆనించాడు.

“నిన్ను దాచింది వీడేనా?”

దారినపోయేవాణ్ణి చూసినట్టు చూశాడు లాయిడ్.

“ఇతనెవరో నాకు తెలీదు. వెనక పైపు పట్టుకుని ఎక్కాను.”

ఆఫీసరు బంతిని కాలితో తన్నాడు.

“మరి దీంతో ఎవడితో ఆడావు?”

“గోడతో.”

కన్ను కూడా ఆర్పలేదు. పిస్తోలు కిందికి దిగింది. లాయిడ్‌ని మెట్లమీదుగా లాక్కుపోయారు. ఆయన ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

లారీ పోయాక బాబ్జాన్ గోడకు జారగిలబడ్డాడు. ప్రాణం కుదుటపడగానే కోపం మొదలైంది.

“జూసినావా బుడేన్‌బీ? తడుముకోకుండా ఎట్ల ఆడినాడో! నిన్న మాత్రం రాదంట. మనల్ని ఆటపట్టించినాడు!”

“పోనీలేయ్యా. పానం నిలబెట్టినాడు కదా.”

“ఆ ముక్క నిన్ననే ఒప్పుకొనుంటే నేనాయప్పను పొమ్మంటానా?”

మన ఎంబసీవాళ్లు పాస్‌పోర్టుకి బదులు రాసిచ్చిన కాగితాలతో ముగ్గురూ జోర్డాన్ చేరేసరికి ఇంకో మూడు వారాలు పట్టింది. ఎడారిలో గుడారాలు. దుప్పట్లు పంచే అమెరికా ఆమె చేతిలో ఆచూకీ లేనివాళ్ల జాబితా ఉంది. మనసాగక బాబ్జాన్ ఆయన పేరు చెప్పాడు.

“లాయిడ్ మెర్సర్.”

ఆమె కలం ఆగిపోయింది.

“ఆయన్ని చూశావా? ఎక్కడ? మాదీ ఆయన ఊరే!”

బాబ్జాన్ జరిగింది చెప్పబోయేలోగా ఆమే అరబ్బీలో అందుకుంది.

“పెద్ద జట్టుకి ఆడేవాడు. ఆఖరి మ్యాచ్‌లో ఆఖరి బంతి పట్టాడు. చెల్లిందని రిఫరీ చెయ్యెత్తాడు. జనమంతా కేకలు. లాయిడే రిఫరీ దగ్గరికెళ్లి, ‘నా వేలు గీత తాకింది, చెల్లదు’ అన్నాడు. కప్పు పోయింది. ఊరివాళ్లే ఆయన కిటికీలు పగలగొట్టారు. మళ్లీ ఏ జట్టూ పిలవలేదు.”

బాబ్జాన్ చేతిలో దుప్పటి కింద పెట్టాడు.

“ఇప్పుడు మా పిల్లలకి ఆయన పేరే చెప్పి పెంచుతున్నాం,” అందామె కళ్లు తుడుచుకుంటూ. “బతుకులో ఒక్క అబద్ధం కూడా ఆడని మనిషని.”

“ఒకటి ఆడినాడమ్మా,” అన్నాడు బాబ్జాన్, మెడ తడుముకుంటూ.