పెంగెల్లి కోళ్ళు

మెరిల్ తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయింది. చేతులు మిగిలాయి.

ఆమె భర్త డగల్ బనీనుతోనే వంటింటి బల్ల దగ్గర నిలబడి కాగితం చూసి గట్టిగా చదువుతున్నాడు.

"నాలుగేళ్ళ కరువు. గొర్రెలు పోయాయి, గోధుమ పోయింది. అయినా ఈ చుట్టుపక్కల తుపాకీతో పోయిన ప్రాణం ఒక్కటి లేదు. మా తుపాకుల సంగతి మేం చూసుకోగలం. పోలీసులు మా వంటింట్లోకి రానక్కర్లేదు... ఎలా ఉంది?"

"బాగానే అరిచావు. కాస్త పక్కకి జరుగు, కాలుతుంది."

మూడింటికి ఊరి హాల్లో మీటింగు. కొత్త చట్టం వస్తోంది. రైఫిల్ ఇనప బీరువాలో ఉండాలి, తాళం వెయ్యాలి, మనిషి మనసు బాగాలేనప్పుడు పోలీసులు దాన్ని తీసుకెళ్ళొచ్చు. రైతుల తరఫున మాట్లాడేది డగల్.

డగల్ రైఫిల్ తలుపు వెనక మేకుకు వేలాడుతోంది. వాళ్ళ తాత రోజుల నుంచీ దాని చోటు అదే.

"పక్క పొలం రాస్ వస్తున్నాడా?" అన్నాడు డగల్.

"ఫోన్ చేశాను. రాడట. మేత లేక, మిగిలిన గొర్రెల్ని నిన్న తనే తుపాకీతో కాల్చేశాడట. 'నాకింక మీటింగులెందుకు వదినా' అన్నాడు."

"వాడంతే. నాలుగు రోజులకి మామూలవుతాడు."

బయట జీపు ఆగింది. కానిస్టేబులు కెర్రిన్, చేతిలో బిస్కెట్ల డబ్బాతో లోపలికి వచ్చింది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లే.

"ఏం పోలీసమ్మా, చట్టం రాకముందే సోదాకొచ్చావా?"

"సోదా కాదు మావయ్యా. పెంగెల్లి గుడిసె ఖాళీ చేస్తున్నాం. ఇందులో మీ పేరు కనబడింది."

పెంగెల్లి నాలుగేళ్ళ కిందట ఎక్కణ్ణుంచో వచ్చిన ముసలాయన. పన్నెండు మైళ్ళ అవతల, రైలు పట్టాల పక్కన పాడుబడిన గుడిసెలో ఉండేవాడు. అక్కడికి ఎవరూ ఎప్పుడూ వెళ్ళలేదు. మంగళవారం నిద్రలోనే పోయాడు. అంత్యక్రియలకు నలుగురు వెళ్ళారు. డగల్ ఆ పొద్దున ఉపన్యాసం రాసుకుంటూ ఉండిపోయాడు.

కెర్రిన్ డబ్బా మూత తీసింది. దారాలు కట్టిన అట్టముక్కలు.

"ఆయన దగ్గర ఇనప బీరువా ఉంది మావయ్యా, గోడకి బోల్టులేసి. ఇంత మంచిది మా స్టేషన్లో కూడా లేదు. లోపల తుపాకులేం లేవు, ఇవే."

డగల్ నవ్వాడు.

"అరువు తుపాకులకి అంత భోగమా? 'నక్క నా కోళ్ళని పట్టింది, రైఫిల్ కాస్త ఇస్తావా' అంటూ ఎవరో ఒకరి గుమ్మంలో తేలేవాడు. నెలల తరబడి ఉంచుకునేవాడు. ఒక్క నక్కనీ కొట్టలేదు. చూడలేక పబ్బులో మేమే ఓ నక్క తోక కొనిచ్చాం. దాన్ని టోపీకి తగిలించుకుని తిరిగాడు, పిచ్చి మారాజు."

కెర్రిన్ ఒక అట్ట చూపించింది. రైతు పేరు, తీసుకున్న తేదీ. కింద ఒకే మాట: వాన పడ్డాక ఇవ్వాలి.

"వాన పడితే నక్కలు రావా ఏంటి?" అన్నాడు డగల్.

"అదే నాకూ అర్థం కాలేదు. ఇంకోటి. ఆయన కోళ్ళనెవరు తీసుకెళ్ళారో తెలుసా?"

"కోళ్ళా? అక్కడే ఉంటాయి."

"గూడు లేదు మావయ్యా. కంచె లేదు, గింజ లేదు, ఒక్క ఈక లేదు. అక్కడ ఎప్పుడూ కోళ్ళు ఉన్నట్టే లేదు."

మెరిల్ ఇస్త్రీపెట్టె నిలబెట్టి పెట్టింది.

డగల్ తన అట్ట వెతుక్కున్నాడు. మార్చి పదకొండు.

"నాలుగొందల గొర్రెల్ని పూడ్చి వచ్చిన రోజు," అంది మెరిల్. "సాయంత్రం వెనక మెట్ల మీద కూర్చున్నావు. పిలిచినా పలకలేదు."

రైఫిల్ ఒళ్ళో ఉందని ఆమె అనలేదు. ఇద్దరికీ గుర్తుంది.

అప్పుడే పెరట్లోంచి వచ్చాడు ముసలాయన, టోపీ తీసి చేత్తో పట్టుకుని. డగల్ తిట్టుకుంటూ ఇచ్చేశాడు. పన్నెండు మైళ్ళు నడిచి వచ్చాడని అప్పుడు తట్టలేదు. ఆ ఏడాది నాలుగు చినుకులు పడ్డాక, తుడిచి నూనె రాసి తెచ్చిచ్చాడు.

డగల్ మిగిలిన అట్టలు తిప్పాడు. ఒకటి హోరేస్‌ది, అతని భార్య పోయిన వారం. ఒకటి డెస్మండ్‌ది, అతని పొలం బ్యాంకు పట్టుకున్న నెల. మొత్తం తొమ్మిది మంది.

తొమ్మిది మందీ బతికే ఉన్నారు. ఇవాళ హాల్లో ముందు వరసలో కూర్చుంటారు, తనకి చప్పట్లు కొట్టడానికి.

"ఎవరే ఆయన?" డగల్ మెరిల్ వైపు తిరిగాడు.

"తెలీదు. మనం అడగలేదుగా."

కెర్రిన్ జేబులోంచి ఇంకో అట్ట తీసింది.

"ఇది మంచం పక్కన దొరికింది. సోమవారం తేదీ వేసి పెట్టుకున్నాడు, పోయే ముందు రోజు. దారం ఇంకా కట్టలేదు."

దాని మీద రాస్ పేరుంది.

డగల్ చొక్కా అందుకున్నాడు. ఒక చెయ్యి ఇస్త్రీ కాలేదు. అలాగే తొడుక్కున్నాడు. మేకు మీంచి తన రైఫిల్ దించి కెర్రిన్ చేతుల్లో పెట్టాడు. ఉపన్యాసం బల్ల మీదే ఉండిపోయింది.

"రాస్‌ని రైఫిల్ ఏమని అడుగుతావు?" అంది మెరిల్.

టోపీ తీసి చేత్తో పట్టుకుని, కోడి అన్నదే లేని తన ఇంట్లోంచి డగల్ రాస్ పొలం వైపు బయల్దేరాడు.