బావ నికెల్, బామ్మర్ది పల్లేడియం

ప్రయోగశాలలో ఒక్క గదే మిగిలింది. అది ఎవరిదో ప్రయోగశాల పెద్దగా ఆమె తేల్చాలి. పోటీపడేవాళ్లలో ఒకరు ఆమె మొగుడు, ఒకరు తమ్ముడు. ఓడినవాళ్లు సామాను సర్దుకోవాల్సిందే.

మొగుడిది నికెల్ పొడి, హైడ్రోజన్. తమ్ముడిది పల్లేడియం కడ్డీ, భారజలం. మంటా పొగా లేకుండా అణువుల్లోంచే వేడి పుట్టిస్తామని ఇద్దరి పంతం. వారంగా మొగుడి యంత్రం నీళ్లను ఆరు డిగ్రీలు వేడెక్కిస్తోంది. తమ్ముడిది ఉలకదు, పలకదు.

"అక్కా, బావ దొంగచాటుగా కరెంటు లాగుతున్నాడే," అన్నాడు తమ్ముడు.

ఆమెకూ ఆ అనుమానం తొలుస్తూనే ఉంది. మధ్యాహ్నం ఇద్దరూ భోజనానికి వెళ్లగానే స్క్రూడ్రైవర్ అందుకుంది.

మర్నాడు మొగుడి నీళ్లు మళ్లీ ఆరు డిగ్రీలు పెరిగాయి.

"చూశావా, నికెలంటే నికెలే!"

"నిన్న నికెల్ తీసేసి ఇసుక పోశానండీ."

అతని మొహంలో నెత్తురుచుక్క లేదు.

తమ్ముడు గంతేశాడు. "నే చెప్పలే? ఇటు చూడక్కా, ఇవాళ నాది ఏడు డిగ్రీలు! గది నాదే!"

ఆమె నిన్నటి నుంచీ తన కోటు జేబులోనే ఉన్న పల్లేడియం కడ్డీని తీసి, తమ్ముడి చేతిలో పెట్టింది.