వరస కలిపిన డ్రైవరు

కారు తలుపులు టక్కుమని లాక్ పడ్డాయి. అప్పుడు నోరు విప్పాడు డ్రైవరు.

"ప్రయాణం బాగా జరిగిందా, చెల్లెమ్మా?"

అచ్చ తెలుగులో.

వెనక సీట్లో టీచరమ్మ ఉలిక్కిపడింది. స్టేషన్ బయట వానలో మిగిలింది ఈ ఒక్క టాక్సీయే కదా అని ఎక్కింది. లాడ్జి పేరున్న కాగితం చూపించడం తప్ప పెదవి కదపలేదు. తనది తెలుగని ఇతనికెలా తెలిసింది?

ఇరవై ఏడు దేశాలు ఒంటరిగా తిరిగిన మనిషి ఆమె. బడికి సెలవులిస్తే చాలు, సంచి భుజాన వేసుకుని బయల్దేరుతుంది. భయమంటే ఏమిటో ఎరగదని తోటి టీచర్లు చెప్పుకుంటారు. అది వట్టి మాట. ఆమెకి భయం బోలెడు. దాన్ని ఎలా వాడుకోవాలో తెలుసు, అంతే.

నేర్పింది నాన్న. ఓడల్లో ఇంజనీరు. ఏడాదికి నాలుగు నెలలు ఇంటిపట్టున ఉంటే గొప్ప. ఆ నాలుగు నెలలూ కూతురికి లోకంలో మెలిగే పద్ధతి నూరిపోసేవాడు. గదిలో దిగగానే కిటికీ గడియ చూసుకో. ఇంటి సంగతులు దారిలో విప్పకు. పరాయి దేశంలో ఎవడైనా తెలుగులో వరస కలిపితే పొంగిపోకు, ముందు సంచి గట్టిగా పట్టుకో.

ఈ రేవు పట్నం గురించయితే ఒకటే మాట అనేవాడు. "అక్కడ మాత్రం దిగకు. మంచి ఊరు కాదు."

ఆయన పోయి రెండేళ్లయింది. ఆయన తిరిగిన రేవులన్నీ చూసిరావాలని ఈమెకి పట్టుదల. అన్నీ అయ్యాయి. వద్దన్నది ఒక్కటే మిగిలితే కాలు ఊరుకుంటుందా?

ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది.

"మీకు తెలుగెలా వచ్చు?"

"ఇంట్లోనే నేర్చుకున్నా. బాగా తడిసిపోయావు. పక్కన తువ్వాలుంది, తల తుడుచుకో."

అప్పుడే 'నువ్వు'లోకి దిగిపోయాడు. నలభై దాటినట్టున్నాడు. అద్దంలోంచి అదేపనిగా ఈమెనే చూస్తున్నాడు. తువ్వాలు శుభ్రంగానే ఉంది. దానికేం పూశాడో ఎవరికి తెలుసు? ఆమె ముట్టుకోలేదు.

పెద్ద రోడ్డు ఎడమకి తిరిగింది. లాడ్జి బోర్డు దూరాన కనిపిస్తూనే ఉంది. కారు కుడివైపు సందులోకి దూరింది.

"లాడ్జి అటు కదా."

"అటే. ఒక్క పది నిమిషాలు మా ఇంటికి వెళ్లొద్దాం. అమ్మ నిన్ను చూడాలంటోంది."

ఎవరా అమ్మ? తనని చూసి ఏం చేస్తుంది? ఇలా ఇళ్లకి తీసుకెళ్లి మాయం చేసినవాళ్ల కథలు ఆమె చాలానే విన్నది.

"నేను వస్తున్నానని మీకెవరు చెప్పారు?"

"నువ్వే రాశావుగా, ఏ రైలుకి దిగుతావో. నీ యాత్రల రాతలన్నీ చదువుతాను. మొన్న ఒంటె మీంచి పడ్డావు, మోచెయ్యి తగ్గిందా?"

తన తెలివితక్కువతనానికి తనే నాలుక కరుచుకుంది. ఇంటర్నెట్‌లో దేశాల గురించే తప్ప ఇంటి గురించి ఒక్క ముక్క రాయదు. నాన్న పోయాడని కూడా రాయలేదు. అంత జాగ్రత్త పడ్డ మనిషి రైలు సంగతి రాసి కూర్చుంది. స్టేషన్ దగ్గర ఇద్దరు డ్రైవర్లు తనని చూసి కూడా పక్కకి తప్పుకున్నారు. అదెందుకో ఇప్పుడర్థమైంది, ఇతనే వాళ్లని తప్పుకోమని ఉంటాడు.

ఫోన్ తీసింది. సిగ్నల్ లేదు.

సందులు ఇరుకవుతున్నాయి. మనుషుల జాడ లేదు. స్టీరింగ్ మీద అతని చేతులు వణుకుతున్నాయి. తాగి ఉన్నాడా? మలుపు దగ్గర కారు నెమ్మదించగానే ఆమె తలుపు పిడి బలంగా లాగింది.

"అది లోపల్నుంచి రాదు. భయపడకు, చిట్టెలుకా."

పిడి లాగుతున్న ఆమె చెయ్యి ఆగిపోయింది.

ఆ ముద్దుపేరు ఇంటి గడప దాటి ఎరగదు. ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. అంటే ఇతనికి ఇల్లు తెలుసు. ఆ ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుంది. ఇంతసేపూ తన గురించి పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు.

కారు ఆగింది. సందు అక్కడితో సరి. ఎదురుగా మేడిల్లు. పైన కిటికీ తెర కదిలింది. కాసేపటికి తలంతా నెరిసిన ఒకావిడ మెట్లు దిగి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

డ్రైవరు దిగి వచ్చి తలుపు తీశాడు. సంచిలోని ఇంటి తాళంచెవిని వేళ్ల మధ్య బిగించి, అతని కంటికి గురిపెట్టి దిగింది టీచరమ్మ.

"ఏం కావాలి మీకు? నా దగ్గరున్నవన్నీ తీసుకోండి. మా అమ్మ జోలికి మాత్రం వెళ్లకండి."

"మాకేమీ వద్దు," అన్నాడు. "నిన్ను ఎప్పటికీ పలకరించకూడదని మా చేత ఒట్టు వేయించుకున్నారు. ఇంక ఆగలేకపోయాం. ఒక్కటి చెప్పు, వెంటనే లాడ్జిలో దింపేస్తాను."

గుమ్మంలో ఆవిడ తలుపు పట్టుకుని కదలకుండా నిలబడింది. ఆ ముఖంలోనూ భయమే. టీచరమ్మకి ఏమీ అర్థం కాలేదు. తాళంచెవి దించలేదు.

అతను ముఖం మీది వాన నీళ్లు తుడుచుకుని, ఆమె కళ్లలోకి చూడలేక నేల చూస్తూ అడిగాడు.

"రెండేళ్లయింది చెల్లెమ్మా, మన నాన్న ఇంటికి ఎందుకు రావడం లేదు?"